మాట్లాడని అక్క మాట కూడా బోర్డు మీదికి రావాలె



మన మీటింగుల్లో పదిమంది కూర్చుంటే మాట్లాడేది ఇద్దరు ముగ్గురే. మిగతావాళ్లు తల ఊపి, సంతకం పెట్టి పోతరు. ఇంటి ఓనరు, కిరాయికున్నామె ఒకే సంఘంలో ఉంటే కిరాయికున్నామె నోరు తెరవదు. పంజాగుట్ట షాపుల్లో డ్యూటీ చేసేవాళ్లు, అమీర్‌పేట హాస్టళ్లలో వంట చేసేవాళ్లు మీటింగుకే రాలేరు. పొదుపు మాత్రం అందరిదీ.

అందుకే మా సంఘంలో ఫోన్‌లో ప్యాడ్‌లెట్ బోర్డు మొదలుపెట్టినం. ఆఫీసుల్లో అంటించే పసుపుపచ్చ చీటీలు మీరు చూసే ఉంటరు. త్రీఎం కంపెనీ 1980లో అమెరికా అంతటా పోస్ట్-ఇట్ పేరుతో అమ్మిన చీటీలే అవి. అట్లాంటి చీటీలే ఇప్పుడు ఫోన్‌లో అంటిస్తున్నం. ఒకరు బోర్డు తయారుచేసి లింకును వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు. లింకు తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి రాయాలె. లాగిన్ కాకుండా రాస్తే పేరు పడదు. రాయడం రాని అక్క గొంతు రికార్డు చేసి పెట్టొచ్చు. గొంతు గుర్తుపడతరని అనుకుంటే బిడ్డతోని రాయించొచ్చు. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌ల కింద మాట కొట్టుకపోతది. ఇక్కడ చీటీలన్నీ ఒక్కచోట కనిపిస్తయి.

"కిస్తీ కట్టడానికి ఏం ఇబ్బంది?" అని మొదటి ప్రశ్న పెట్టినం. ఒక చీటీ వచ్చింది: "నాకు జీతం పదో తారీఖుకు వస్తది. ఐదున కట్టమంటే బయట వడ్డీకి తెచ్చి కడుతున్న." అదే మాట ఇంకో నాలుగు చీటీల్లో ఉంది. మీటింగులో ఒక్కరూ చెప్పని మాట అది. అందరం చర్చించి, సంఘం అంతర్గత అప్పుల కిస్తీని 12వ తారీఖుకు మార్చినం. ఎవరు రాసిన్రని ఎవరూ అడగలేదు. అడిగితే రెండోసారి ఎవరూ రాయరు.

కొన్ని జాగ్రత్తలు. ఖాతా నంబరు, ఆధార్, ఓటీపీ, ఎవరి అప్పు ఎంతనేది బోర్డు మీద రాయొద్దు. లింకు దొరికితే బయటివాళ్లు కూడా చూడొచ్చు. చాడీలు రాయొద్దు. బోర్డు పెట్టినామె చూసి ఒప్పుకున్నాకే చీటీ కనపడే సెట్టింగు ఉంది, వాడుకోండి. స్మార్ట్‌ఫోన్ లేని అక్కల మాట కాగితం మీద తీసుకొని మనమే ఎక్కించాలె.

తీర్మానం మాత్రం పుస్తకంలోనే రాయాలె. గూగుల్ వాళ్ల జామ్‌బోర్డు 2024 డిసెంబర్ 31తో మూతపడింది. యాప్‌లు వస్తయి, పోతయి. పుస్తకాల నిర్వహణ మన పంచసూత్రాల్లో ఒకటి, అది మనం తప్పొద్దు.

ప్రతి సంఘం ఈ నెల ఒక్క ప్రశ్నతో ఒక బోర్డు పెట్టాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.