తీర్పు రోజున కోర్టు హాల్లో ఎవరున్నారు?

  ఈ స్నాతకోత్సవ గౌన్లలో మీకెంత ఉక్కగా ఉందో నాకు కనిపిస్తూనే ఉంది. నేరుగా విషయానికొస్తాను.

ఈరోజు పట్టా పుచ్చుకుంటున్నవాళ్లలో లా, జర్నలిజం రెండూ చదివినవాళ్లున్నారు. జర్నలిజంలో డిగ్రీ చేసి, లాసెట్ రాసి మూడేళ్ల లా చదివినవాళ్లు కొందరు. ఐదేళ్ల లా అయ్యాక జర్నలిజంలో పీజీకి వచ్చినవాళ్లు కొందరు. నేను ముఖ్యంగా మాట్లాడేది వాళ్లతో. మిగతావాళ్లూ వినండి, పేపరు చదివేవాళ్లేగా అందరూ.

'ఇంతకీ ఏ ఉద్యోగానికి వెళ్తావు?' అని చుట్టాలందరూ మిమ్మల్ని అడిగే ఉంటారు. ముందు నియమం తెలుసుకోండి. బార్ కౌన్సిల్ నియమాల్లో 49వది ప్రకారం, ప్రాక్టీసు చేసే అడ్వకేటు జీతానికి ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు. పేపర్లో రిపోర్టరు ఉద్యోగానికీ అదే వర్తిస్తుందని బార్ కౌన్సిల్ 2024లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అయితే 51వ నియమం ఒక తలుపు తెరిచే ఉంచింది. ఉద్యోగంగా కాకుండా, సొంత ప్రచారానికి వాడుకోకుండా అయితే పత్రికలకు రాయవచ్చు, ప్రసారాల్లో మాట్లాడవచ్చు, పాఠాలు చెప్పవచ్చు. అచ్చుకు వెళ్లే ముందు వార్తను చట్టం కోణంలో సరిచూసి పెట్టవచ్చు. ఈ చివరి పనికి మన తెలుగు పత్రికల్లో మనుషులు చాలా తక్కువ. అది మీలో ఎవరికైనా బతుకుతెరువు కావచ్చు, ఆలోచించండి.

ఈ రెండు పనులూ చేసినవాళ్లలో మనకు టంగుటూరి ప్రకాశం పంతులు గారున్నారు. బారిస్టరై మద్రాసులో ప్రాక్టీసు చేస్తూనే 'లా టైమ్స్' పత్రిక నడిపారు. 1921లో, చేతినిండా సంపాదన ఉన్న రోజుల్లో, ప్రాక్టీసు వదిలేసి 'స్వరాజ్య' పెట్టారు. సంపాదించిందంతా దానికే పోశారు. ఆయనలా ఆస్తులు పోగొట్టుకోమని మిమ్మల్ని అడగను. ఒక సంగతి మాత్రం గమనించండి. వాదించడం నేర్చిన మనిషికి జనానికి చెప్పాల్సింది ఉన్నప్పుడు కోర్టు హాలు చాలలేదు.

ఇక నా సంగతి. లా చదవకముందే నేను కోర్టు వార్తలు రాయడం మొదలుపెట్టాను. తెనాలిలో కంట్రిబ్యూటర్‌ని. జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన వార్తలు కత్తిరించి కాగితాల మీద అంటించి పంపితే, లైన్లు లెక్కపెట్టి నెలకింత అని ఇచ్చేవారు. పొద్దున పోలీస్ స్టేషన్, తర్వాత ఆస్పత్రి, ఆ తర్వాత కోర్టు. కోర్టంటే ఆవరణలో చెట్టు కిందే. ప్లీడరు గుమాస్తాలు చెప్పింది, కోర్టు కానిస్టేబుల్ చెప్పింది రాసుకుని అందరం వెళ్లిపోయేవాళ్లం. ఓ సీనియర్ ప్లీడరు గారు ఒకరోజు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి వెనక బెంచీలో కూర్చోబెట్టారు.

నడుస్తున్నది చోరీ కేసు. ముద్దాయి నగల కొట్లో పనిచేసే కుర్రాడు. సొమ్ము పట్టుకున్నప్పుడు మహజరు మీద సంతకం పెట్టిన సాక్షి బోనెక్కాడు. నగలు ఎక్కడ పట్టుకున్నారని ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అడిగారు. 'నాకు తెలీదండి, స్టేషనుకు రమ్మంటే వెళ్లి సంతకం పెట్టాను' అన్నాడు. 'కాగితంలో ఏముందో చదివారా?' 'చదవలేదండి.' మేజిస్ట్రేటు గారు తలెత్తకుండా చెప్తుంటే టైపు మిషన్ టకటకలాడింది. సాక్షి హోస్టైల్ అయ్యాడని ప్రకటించమని ఏపీపీ కోరారు. మొత్తం పావుగంట పట్టిందేమో. కొన్ని వాయిదాల తర్వాత కేసు కొట్టేశారు.

అరెస్టయిన రోజున ఆ కుర్రాడి ఫొటో జిల్లా పేజీలో పైనే వచ్చింది. బల్ల మీద నగలు పరిచి ఉన్నాయి. కుర్చీలో ఇన్‌స్పెక్టరు, వెనక తల వంచుకుని ఈ అబ్బాయి. కింద 'నేరం అంగీకరించాడు' అని ఉంది. తీర్పొచ్చాక వాళ్ల నాన్న సర్టిఫైడ్ కాపీని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. 'బాబూ, ఆ ఫొటో వేసినచోటే ఇదీ వేయిస్తారా?' అన్నాడు. రాసి పంపాను. లోపలి పేజీలో అడుగున నాలుగు లైన్లు వచ్చింది. ఆయన ఆ నాలుగు లైన్లూ కత్తిరించి అదే కవర్లో దాచుకున్నాడు. తీర్పులో ఏం రాశారో చదివి చెప్పమన్నాడు. సంశయలబ్ధి (బెనిఫిట్ ఆఫ్ డౌట్) అన్న దగ్గరికొచ్చేసరికి, అది తన కొడుకు తప్పు చేయలేదని చెప్పడమా, చేశాడని తేలలేదని చెప్పడమా అని అడిగాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలుసుకోవాలని ఆ ఏడాదే సాయంత్రం లా కాలేజీలో చేరాను.

నా బెంగంతా ఇదే, దాచుకోను. అరెస్టుకు ఉన్నంత చోటు తీర్పుకు లేదు. పోలీసుల ప్రెస్‌మీట్‌కు పదిమంది కెమెరాలతో వెళ్తారు. అదే కేసు తీర్పు రోజున కోర్టు హాల్లో ఒక్క విలేకరి ఉండడు. మీరు ఎవిడెన్స్ యాక్టు చదివారు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. పోలీసు దగ్గర చేసిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా పనికిరాదని పాత చట్టంలో 25, 26 సెక్షన్లు చెప్పాయి, కొత్తదాంట్లో 23వ సెక్షన్ చెబుతోంది. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకే విలువ. కోర్టు వినడానికే ఒప్పుకోని మాటను మనం హెడ్డింగులో పెడుతున్నాం. చదువుకోనివాళ్లు రాశారంటే అర్థం చేసుకుంటాను. రెండు పట్టాలు చేతిలో పట్టుకుని మీరూ అదే రాస్తే మాత్రం చెవి మెలేస్తాను.

కోర్టులో జరిగింది జరిగినట్టు రాసేవాడికి చట్టం ఎంత అండగా ఉందో కూడా చూడండి. కోర్టు కార్యకలాపాల గురించి నిజాయితీగా, తప్పుల్లేకుండా రాస్తే ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. పరువునష్టానికి సంబంధించి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో నాలుగో మినహాయింపు కూడా కోర్టు వార్తలకే. పోలీసు ప్రెస్‌మీట్ గురించి అక్కడ ఒక్క మాటా లేదు. ప్రెస్ నోటు ఎత్తి రాసేవాడు తనకు రక్షణ ఉందనుకుంటాడు. నిజానికి ఉన్నది వెనక బెంచీలో కూర్చున్నవాడికి.

వార్త రాసేవాడూ లాయరూ కలిస్తే ఏమవుతుందో చూపించే కేసు ఒకటుంది. హుస్సేనారా ఖాతూన్ కేసు మీ సిలబస్‌లో ఉంది, పరీక్ష కోసం చదివి ఉంటారు. ఒకసారి మళ్లీ చదవండి. 1979 జనవరి 8, 9 తేదీల్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో బిహార్ జైళ్ల మీద కథనాలు వచ్చాయి. రాసింది కె.ఎఫ్. రుస్తంజీ, పోలీసు ఉన్నతాధికారిగా పనిచేసిన మనిషి. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువకాలం విచారణ ఖైదీలుగానే మగ్గుతున్నవాళ్ల సంగతి అది. కపిలా హింగోరాణి అనే అడ్వకేటు ఆ కథనాల ఆధారంగా సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని జస్టిస్ భగవతి ధర్మాసనం చెప్పింది, ఖైదీలు బయటికొచ్చారు. అప్పుడు రాయడానికి ఒకరు, వాదించడానికి ఒకరు కావాల్సొచ్చింది. మీకు రెండు చదువులూ ఉన్నాయి. పని ఇంకా మిగిలే ఉంది. ఈనాటికీ మన జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే.

'టైమెక్కడిది మాస్టారూ, కోర్టులో రోజంతా కూర్చుంటే డెస్క్ ఊరుకుంటుందా' అంటారు. ఊరుకోదు, నాకు తెలుసు. నాలుగు వార్తలు ఇచ్చే చోట ఒకటిస్తే ఎవరికైనా కోపం వస్తుంది. కానీ మా రోజుల్లో వాయిదా తేదీ కోసం బెంచ్ క్లర్కును బతిమాలాల్సొచ్చేది. మీకు ఈ-కోర్ట్స్ యాప్ ఉంది. పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే కేసు ఏ దశలో ఉందో, తర్వాతి వాయిదా ఎప్పుడో ఫోన్లో కనిపిస్తుంది. చాలా కేసుల్లో తీర్పు కూడా అక్కడే దొరుకుతుంది. రీల్స్ చూసే వేలితోనే అదీ చూడొచ్చు తల్లీ. తీర్పు దొరికాక మొదటి పేజీ నుంచి చదవండి. ఆఖరి పేరా మాత్రం చదివి పక్కన పెట్టే అలవాటు మీలో చాలామందికి ఉందని మీ మాస్టర్లు ఇందాక టీ దగ్గర నాకు చెప్పారు.

వైస్ చాన్సలర్ గారికి ఒక విన్నపం. వచ్చే ఏడాది నుంచి ఈ పిల్లలకు ప్రాజెక్టుగా మన జిల్లా కోర్టుల్లోని ఒక్కో కేసు అప్పగించండి. చార్జిషీటు నుంచి తీర్పు దాకా వెంబడించి, తెలుగులో రాయాలి. కోర్సు అయిపోయినా కేసు అయిపోకపోవచ్చు. పర్వాలేదు, పట్టా ఇచ్చి పంపండి, కేసు మాత్రం వదలనివ్వకండి.

ఈరోజు పట్టా తీసుకున్నవాళ్లు వచ్చే ఏడాదిదాకా ఆగక్కర్లేదు. ఈ వారం జిల్లా పేజీలో 'నేరం అంగీకరించాడు' అని వచ్చిన వార్త ఒకటి ఎంచుకోండి. ఎఫ్ఐఆర్ నంబరు రాసుకోండి, చార్జిషీటు పడగానే సీఎన్‌ఆర్ పట్టుకోండి. తీర్పు వచ్చిన రోజున రాసి మీ పత్రికకు ఇవ్వండి. చోటు లేదంటే నాకు పంపండి, దిద్ది పెడతాను, వేయమని ఎడిటర్లను అడిగే పూచీ నాది. నా చిరునామా రిజిస్ట్రార్ గారి ఆఫీసులో ఇచ్చి వెళ్తున్నాను.