నిరుద్యోగపు లెక్కలు - పత్రికల శీర్షికలు

(మన సంఘపు సభలో చదివిన ప్రసంగ పాఠము)



చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోని మన యిండ్లలో బెంగళూరు కన్నడ పత్రికను, ఆంధ్రము నుండి వచ్చు తెలుగు పత్రికను రెండింటిని చదువువారు పెక్కురు కలరు. నిరుద్యోగము తగ్గినదని ఒకదానిలోను, పెరిగినదని మరియొకదానిలోను చూచి, ఏది నిజమని మమ్ము అడుగుచున్నారు. మేము వర్తకులము, ఆర్థికశాస్త్రము చదివినవారము కాము. కాని రాశిపోసి కొలిచిన సేరునకును, తలకొట్టి కొలిచిన సేరునకును గల భేదము మాకు తెలియును. ఈ వ్యవహారమంతయు ఆ భేదముననే యున్నది.

2019 జనవరి 31వ తేదీన బిజినెస్ స్టాండర్డ్ పత్రిక, ప్రభుత్వము వెలువరింపని సర్వే నివేదిక నొకదానిని బయటపెట్టినది. 2017-18లో నిరుద్యోగము 6.1 శాతమనియు, అది 45 ఏండ్లలో అత్యధికమనియు వ్రాసినది. ఆ నివేదికను ఆపుట మున్నగు కారణములచే జాతీయ గణాంక కమిషన్ సభ్యులు పి. సి. మోహనన్, జె. వి. మీనాక్షి గారలు ఆ మాసముననే రాజీనామా చేసియుండిరి. అది ముసాయిదా మాత్రమేయని ప్రభుత్వ పక్షము పలికినది. ఎన్నికలు ముగిసి, క్రొత్త మంత్రివర్గము ప్రమాణము చేసిన మరునాడు, మే 31న, అదే 6.1 అధికారికముగా వెలువడినది. అప్పుడు, సర్వే పద్ధతి క్రొత్తది గనుక పాతవానితో పోల్చరాదనిరి. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు; 45 ఏండ్లని ఘోషించినవారు దానిని చెవిని బెట్టలేదు. కాని బేరము కుదిరిన పిదప తూకము చూపు వర్తకుని మనమేమందుము?

2023-24లో అదే సర్వే 3.2 శాతమని చెప్పినది. సగమునకు సగము తగ్గెనని సంబరము. ఇచ్చటనే కొంచెము ఆగవలెను. ఈ కొలతలో, ఏడాదికి 30 దినములు ఏదో యొక పనిచేసినను, జీతము లేకున్నను, ఆ మనిషి పనివారి పద్దులో చేరును. చింతామణి ప్రక్క పల్లెలో ఇంటి పట్టుపురుగులకు ఆకు వేయు కోడలు, బాగేపల్లి మెట్టలో సొంత వేరుసెనగ చేను కలుపు తీయు అమ్మాయి, అందరును పనివారే. వారి శ్రమ శ్రమయే, లెక్కింపవలసినదే. దానిని చూపి ఉద్యోగములు పెరిగినవని శీర్షిక కట్టుట వేరు. పనివారిలో జీతము లేక ఇంటి వ్యాపారమునకో సేద్యమునకో తోడ్పడువారు 2017-18లో నూటికి 13.6, 2023-24లో 19.4. నెలజీతము గలవారు 22.8 నుండి 21.7కు తగ్గిరి. ఈ యంకెలు ప్రభుత్వ నివేదికలలోనివే, శీర్షికలలో కానరావు.

ఎదుటి పక్షపు పత్రికలు ఏమియు తక్కువ తినలేదు. 2024 జూన్ నెలకు సి. ఎం. ఐ. ఇ. అను ప్రైవేటు సంస్థ 9.2 శాతమన్నది, దాని కొలతయే వేరు. 2025 ఏప్రిల్ మొదలు ప్రభుత్వము నెలనెలా అంకె నిచ్చుచున్నది, మొదటిది 5.1. అది గడచిన ఏడు దినముల లెక్క; అందొక గంట పని యున్నను పనివాడే. ఆ 5.1ని 3.2 ప్రక్కన నిలిపి పెరిగినదనుట సరికాదు. అదే వారపు కొలతలో 2023-24 అంకె 4.9.

ఇది ఢిల్లీ గొడవ, మనకేల యనకుడు. బి.కాం. చదివి, బెంగళూరునకు అర్జీలు పంపుచు, నాన్నగారి గల్లాపెట్టె కడ కూర్చున్న మన కుర్రవాడు ఏ పద్దులో చేరును? ఏడాదిలో నెలదినములు బేరము చూచినచో పనివాడే! 3.2 చదివిన తండ్రి, అందరికిని దొరకిన ఉద్యోగము నీకే దొరకలేదా యని కసరుచున్నాడు. 15 మొదలు 29 ఏండ్ల వారిలో నిరుద్యోగము 10.2 శాతమని అదే నివేదిక చెప్పినది. ఆ తండ్రికి దానిని చూపినవారు లేరు. పిల్లవాని మొగము చిన్నబోవుట మేము చూచుచున్నాము. కుదిరిన సంబంధములు సైతము ఈ మాటతోనే తప్పిపోవుచున్నవి.

కావున మన సంఘము మూడు తాలూకాలలోని కుటుంబములకు ఒక కాగితము పంపుచున్నది. చదివిన చదువు, చేయు పని, జీతమిచ్చువారెవరు, వేరు పని వెదకుచున్నారా, ఇవియే ప్రశ్నలు. ఆడపిల్లలకును వరుస కలదు, విడువకుడు. పేరు వ్రాయనక్కరలేదు. వచ్చు నెల సభకు ముందే మీ వీధి కార్యకర్త చేతికిండు. వచ్చిన అంకెలను వచ్చినట్లు మన వారపత్రికలో అచ్చువేయుదుము.