గగనమార్గమున గంట ప్రయాణము

రాజమహేంద్రవరమునుండి హైదరాబాదుకు విమానములో ఎంతసేపని అడిగినచో ‘ఒక్క గంట’ అని చెప్పుట మనలో చాలమందికి అలవాటు. మేమును అట్లే చెప్పుచుంటిమి. ఆ గంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో ఈ పూట కొంచెము లెక్క చూతము.

ముందు దూరము. పటము విప్పి చూచినచో మధురపూడి విమానాశ్రయమును, శంషాబాదు విమానాశ్రయమును ఇంచుమించు ఒకే అక్షాంశముపై కన్పట్టును. రెండును పదునేడు డిగ్రీలకు కొంచెము ఎగువననే ఉన్నవి. వాని నడుమ తిన్నని గీత గీచి కొలిచినచో సుమారు 360 కిలోమీటర్లు. రైలుబండి అట్లు తిన్నగా పోజాలదు. అది మొదట నైరుతిగా విజయవాడకు దిగి, అచ్చటనుండి ఉత్తరముగా వరంగల్లువైపు సాగి, పిమ్మట పడమటికి మరలి సికింద్రాబాదు చేరును. ఈ చుట్టుదారి సుమారు 500 కిలోమీటర్లు. రాత్రి భోజనము చేసి ఎక్కినవారు మరునాడు కాఫీవేళకు దిగుదురు.

పంకలతో నడచు ఏ.టి.ఆర్. వంటి చిన్న విమానము గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోవును. ఆ లెక్కను 43 నిమిషములు చాలును. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినచో 48. అదే గాలి వెనుకనుండి తోచినచో 39. అయినను కాలపట్టికలో గంటకు పైగా వేయుదురు. విమానము నిలిచినచోటు విడిచినది మొదలు, దిగి మరల నిలుచువరకు గల కాలమంతయు అందు చేరును. అదియునుగాక, శంషాబాదు పరుగుబాట తూర్పు పడమరలుగా ఉన్నది. విమానమేమో గాలికి ఎదురుగా దిగవలెను. పడమటిగాలి ఉన్ననాడు తూర్పునుండి వచ్చినది తిన్నగా దిగును. తూర్పుగాలి ఉన్ననాడు విమానాశ్రయమును దాటి పడమటికి పోయి మరలిరావలెను. వచ్చితిమనుకొని చెప్పులు తొడుగుకొన్నవారు మరల కొంతసేపు పొలములు చూచుచు కూర్చుండుట ఇందువలననే.

2008 మార్చిలో విమానముల రాకపోకలు బేగంపేటనుండి శంషాబాదుకు మారినవి. మధురపూడికి ఆకాశమార్గము పెరిగినది రెండు మూడు కిలోమీటర్లే. సికింద్రాబాదులో కాపురమున్న మాకు మాత్రము, ఇంటిప్రక్కనున్న విమానాశ్రయము ముప్పది కిలోమీటర్లకు పైబడి దూరమైనది.

కొన్నియేండ్ల క్రిందట రాజమహేంద్రవరమున మా అమ్మగారికి జబ్బుచేసినది. ఉదయము ఏడు గంటలకు ఫోనుచేసి ‘విమానములో వచ్చుచున్నాము, గంట ప్రయాణమే’ అంటిమి. శంషాబాదు చేరుటకు గంటంబావు. విమానము బయలుదేరుటకు గంట ముందే అచ్చట నమోదు ముగింతురు గనుక ఆ నిరీక్షణ. ప్రయాణము, పెట్టెకై కాచుకొనుట, మధురపూడినుండి ఇల్లు. గుమ్మము త్రొక్కునప్పటికి పండ్రెండు దాటినది. అమ్మగారు ఎనిమిదింటినుండి జావ ముట్టలేదట. జావ త్రాగినపిదప వేసికొనవలసిన మందుబిళ్ల పళ్లెములో అట్లే ఉన్నది. ‘గంట అన్నావు కదరా నాయనా’ అన్నారు. మావద్ద సమాధానము లేకపోయినది.

ఇప్పుడెవరైన అడిగినచో ఐదు గంటలని చెప్పుచున్నాము. సాయంకాలము కబురు వచ్చినచో మరునాటి విమానమునకై కాచుకొనక ఆ రాత్రి రైలే ఎక్కుచున్నాము. అది మెల్లగా పోవును గాని, మనము ఇంటివద్ద కూర్చుండి ఎదురుచూచు వేళలోనే పోవును. విమానము శంషాబాదున లేవకముందే ఊరిలో దింపును.