వయ్యారిభామకు సరిహద్దులు లేవు
(కళాశాల విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రం చదువుకోలేదు. నా ఎం.ఏ. సాహిత్యంలో; హిందీ నుంచి తెలుగులోకి అనువదించడం నా వృత్తి. అయినా ఈ రోజు ఒక కలుపుమొక్కను గురించి మీ ముందు మాట్లాడుతున్నానంటే, అందుకు నేను చేసిన ఒక పొరపాటే కారణం.

కొంతకాలం క్రితం మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక పర్యావరణ పరిశోధకుని స్వీయకథనాన్ని అనువదించాను. ఆయన నర్మదా తీరాన రైతు కుటుంబంలో పుట్టారు. చేలో కలుపు తీసి వచ్చిన తల్లి చేతులు దద్దుర్లతో వాచిపోవడం చూస్తూ పెరిగారు. అందుకు కారణమైన మొక్కను తెలుసుకోవాలన్న పట్టుదలే తనను వృక్షశాస్త్రం వైపు నడిపించిందని వ్రాశారు. ఆ మొక్కను హిందీలో ‘గాజర్ ఘాస్’ అంటారు. నేను ‘క్యారెట్ గడ్డి’ అని వ్రాసి ఊరుకున్నాను.

సేద్యం చేసే మా చిన్నాన్నగారు వ్రాతప్రతి చదివి, “ఇదేదో పశువులకు మంచి మేతలా ఉందే!” అన్నారు. ఆకులు ఎలా ఉంటాయో, పూలు ఎలా ఉంటాయో వివరించాను. ఆయన నన్ను గట్టు మీదికి తీసుకువెళ్ళి చూపించారు. అది మన వయ్యారిభామ! దాన్ని మేసిన పశువుల పాలు చేదెక్కుతాయి. తాకినవారిలో కొందరికి చర్మవ్యాధులు, పుప్పొడి వల్ల ఉబ్బసం వస్తాయి. ఒక్క మాట తప్పితే ఎంత ప్రమాదమో అప్పుడు గ్రహించాను.

ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణప్రాంతాలు. పుణేలో కనిపించిన దీన్ని గురించి 1956లో వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్.ఎస్.రావు ప్రకటించారు. దిగుమతి గోధుమలతో దీని విత్తనాలు వచ్చాయని చెబుతారు. ఒక్కొక్క మొక్క వేలకొద్దీ విత్తనాలనిస్తుంది. గాలి, కాలువ నీరు, బండి చక్రాలు వాటిని మోసుకుపోతాయి. అది మరాఠీలో ‘గాజర్ గవత్’ అయింది, కన్నడంలో ‘కాంగ్రెస్ గిడ’ అయింది. పేర్లు మారాయి గాని బాధ మారలేదు.

ఆ పరిశోధకుని దృష్టి తరువాత వాతావరణ మార్పు వైపు మళ్ళింది. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 280 భాగాలున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటింది. ఈ వాయువు పెరిగినప్పుడు వయ్యారిభామ మరింత ఏపుగా పెరుగుతుందని ప్రయోగాలు చూపాయి. దాని ఆకులను తినే ఒక చిన్న పెంకుపురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగుళూరు ప్రాంతంలో విడుదల చేశారు. ఆ పురుగు వానాకాలంలో చురుకుగా ఉంటుంది. ఎండిన నెలలలో మట్టిలో దాగి నిద్రిస్తుంది. వానల వేళలు తప్పితే, మొక్క మొలిచే వేళకు పురుగు మేలుకొంటుందా? ఇదే ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడంలో మీకూ పాలు ఉంది. తొలకరి తరువాత మీ ఊళ్ళో వయ్యారిభామ ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు పూసింది, పురుగు ఎప్పుడు కనిపించింది అన్న సంగతులను ఏటా తేదీలతో వ్రాసిపెట్టండి. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని, వేళ్ళతో సహా పెరికివేయండి.

అచ్చుకు వెళ్ళేముందు నా అనువాదంలో ఆ పేరు దిద్దుకున్నాను. ఇప్పుడు ఏ మొక్క పేరు వచ్చినా, ముందు చిన్నాన్నగారిని అడిగి, ఆ తరువాతే నిఘంటువు తెరుస్తున్నాను.