ఆకలిగొన్న రాళ్ళు



తెనాలి జంక్షనులో రేపల్లెకో బాపట్లకో పోవు బండికై వేచియుండని వారీ సభలో అరుదు. రవీంద్రనాథ ఠాకూరు 1895లో వంగభాషలో రచించిన ‘క్షుధిత పాషాణ్’ కథయు నట్టి యొక జంక్షనులోనే సాగుచున్నది. బండి ఆలస్యము, ఒక అపరిచితుడు నోరు విప్పినాడు.

ప్రత్తిసుంకము వసూలుచేయు ఉద్యోగి బరీచిలో, శుస్తా నదీతీరమున, నిర్జనమైన పాలరాతి మహలునందు కాపురము పెట్టెను. పగలు లెక్కలు, దొరవేషము. చీకటి పడినంతనే స్నానమునకై మెట్లవెంబడి పరుగిడు కానరాని స్త్రీల యడుగుల సవ్వడి! తెల్లవాఱుసరికి పిచ్చి మెహేర్ అలీ మహలు చుట్టును తిరుగుచు, అంతయు అబద్ధమని కేకలిడును. తీరని కోరికల తాపమున ఆ రాళ్ళే ఆకలిగొన్నవని వృద్ధ గుమాస్తా కరీంఖాను చెప్పెను. మూడు రాత్రులచట గడిపినవారిలో బయటపడినవాడు మెహేర్ అలీ యొక్కడే. అదియు మతి పోగొట్టుకొని.

ఈ మహలు గాలిలో పుట్టినది కాదు. ఠాకూరు 17 ఏండ్ల ప్రాయమున, 1878లో, జడ్జీయైన అన్న సత్యేంద్రనాథునికడ అహమ్మదాబాదు షాహీబాగు మహలులో నుండెను. దిగువను సబర్మతి.

వంగకథలు తెనాలికి దూరపు చుట్టములు కావు. ఆ యూరివాడగు చక్రపాణి క్షయరోగియై మదనపల్లె శానిటోరియమున నుండగా వంగభాష నేర్చి, పిదప శరత్తు నవలలను తెనిగించెను. రోగి కాలక్షేపము వేలమందికి చదువైనది!

‘తరువాత నేమైనదండీ?’ యని పాఠకులు అడుగుట న్యాయమే. విముక్తికి మార్గ మొక్కటి కలదని, ముందుగా ఒక ఇరానీ బానిసకన్య వృత్తాంతము వినవలెనని కరీంఖాను అనుచుండగనే జంక్షనులో బండి వచ్చెను. అపరిచితుడు తెలిసిన దొరతో మొదటి తరగతి పెట్టె యెక్కెను. ఇదంతయు కట్టుకథ యన్న శ్రోతకును, నమ్మిన దివ్యజ్ఞానసమాజపు బంధువునకును నాటినుండి జన్మాంత వైరము.