గాలి ఎటు వీస్తే మందు అటు

(ఉప్పల్ సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉప్పల్, నాచారం ఒకప్పుడు పొలాలున్న ఊళ్లు. ఇప్పుడు ఒకవైపు ఫ్యాక్టరీలు, ఇంకోవైపు మెట్రో. ఇక్కడ కూర్చున్న మనలో చాలామందికి పొలం ఊళ్లో ఉంది, బతుకుదెరువు ఇక్కడ ఉంది. ఊరికి ఫోన్ చేస్తే ఈమధ్య వినిపించే మాట డ్రోన్. పది నిమిషాల్లో ఎకరానికి మందు కొట్టేసిందట! అందుకే ఈ పని విమానంతో మొదట చేసిన పైలట్ గురించి కాస్త చెప్పుకుందాం.

ఆయన పేరు జాన్ మెక్‌రెడీ. 1887లో పుట్టాడు. అమెరికా సైన్యంలో విమానాలను పరీక్షించే పైలట్. ఒహాయో రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊరి దగ్గర ఆరెకరాల కటాల్పా తోట ఉండేది. చెట్లు ఐదు వేలకు కొంచెం తక్కువ. గొంగళి పురుగు ఆకంతా తినేస్తోంది. 1921 ఆగస్టు 3న మెక్‌రెడీ ఒక పాత శిక్షణ విమానం తీసుకొచ్చాడు. దాని పక్కన డబ్బా కట్టి, అందులో లెడ్ ఆర్సెనేట్ నింపారు. అంటే సీసం, పాషాణం కలిసిన పొడి. డబ్బా తయారుచేసిన ఎటియెన్ డార్మాయ్ అనే ఇంజనీరే విమానంలో కూర్చుని పిడి తిప్పాడు. ఆరుసార్లు తిరిగారు. పొడి చల్లిన సమయం మొత్తం కలిపినా నిమిషం కాలేదు. పురుగు దాదాపు అంతా చచ్చింది.

ఇందులో మనం పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. మెక్‌రెడీ తోట నెత్తిమీద ఎగరలేదు. గాలి వచ్చే వైపున, తోట పక్కగా, తక్కువ ఎత్తులో పోయాడు. పొడిని చెట్లలోకి మోసుకుపోయింది గాలే.

తర్వాత 1923 మేలో ఆయన, ఓక్లీ కెల్లీ కలిసి న్యూయార్క్ నుంచి శాండియాగో దాకా ఎక్కడా దిగకుండా ఎగిరారు. సుమారు 27 గంటలు పట్టింది. ఆయనకు పేరొచ్చింది దానితోనే. 1979లో చనిపోయాడు. మందు చల్లే పని మాత్రం వ్యాపారమైంది. ఇవాళ్టి డెల్టా విమాన సంస్థ పుట్టుక కూడా పత్తి మీద పొడి చల్లిన కంపెనీ నుంచే.

ఆ గాలే కేరళలో కాసరగోడ్ జనాన్ని ముంచింది. ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ ఏళ్ల తరబడి, 2000 దాకా చల్లించింది. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిషేధించింది. బాధితులకు ఐదేసి లక్షలు ఇవ్వాలని 2017లో ఆదేశించింది. పిల్లల ఆరోగ్యం తిరిగి రాలేదు.

డ్రోన్‌కు మనం వ్యతిరేకం కాదు. వీపున పంపు మోసి, మందు పీల్చి, గట్టు మీద పడిపోయిన కూలీలను మనం చూశాం. కానీ లెక్క చూడండి. చేతి పంపుతో ఎకరానికి నూటయాభై, రెండు వందల లీటర్ల నీళ్లు పడతాయి. డ్రోన్‌కు పది లీటర్లు చాలు. అంటే ఒక్కో చుక్కలో మందు ఎంత చిక్కగా ఉంటుంది? ఆ చుక్క పక్క చేనులోని కూరగాయల మీద, మల్బరీ ఆకు మీద, చెరువులో పడితే జవాబు ఎవరు చెప్పాలి?

1971 కీటకనాశినుల నిబంధనల్లోనే ఉంది: పైనుంచి మందు చల్లేముందు కనీసం 24 గంటల ముందు ప్రజలకు తెలియజేయాలి, సంబంధం లేని మనుషులను, పశువులను అటు రానీయకూడదు, పైలట్‌కు మందు విషప్రభావం మీద కూడా శిక్షణ ఉండాలి. ఎన్ని ఊళ్లలో చాటింపు వేస్తున్నారు?

పంచాయతీ బోర్డు మీద ముందురోజే తేదీ, మందు పేరు, సర్వే నంబరు రాయించాలని మన గ్రామ కమిటీలు ఈ నెలలోనే అర్జీలు ఇవ్వాలి. నకలు మీద సంతకం, ముద్ర వేయించుకుని జిల్లా కమిటీకి పంపండి.