తోడబుట్టినవారి తోడు
(గూడూరులో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



బుద్ధివికాసము మందగించిన బిడ్డను, మాట సరిగా రాని బిడ్డను ఇంటిలో దాచియుంచుట తగదు. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యముగల బాలబాలికలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు చేరువలోని బడిలో ఉచితముగా చదువుకొను హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇచ్చినది. కాని తోటిపిల్లల చెలిమిని చట్టము తెచ్చి ఈయజాలదు. ఆ పనికి అక్కయో అన్నయో తోడ్పడగలరు.

ముందుగా ఒకరిద్దరు స్నేహితులను ఇంటికి పిలువవలెను. వామనగుంటల వంటి ఆట మేలు: వంతు తప్పక వచ్చును, మాటలతో పని తక్కువ, చింతగింజలు పంచుటలో లెక్కయు అలవడును. తమ్ముడు తడబడినచో అక్క తానే గింజలు వేయరాదు. అతని చేయి కదలువరకు ఓపిక పట్టవలెను. అతని నడిగిన ప్రశ్నకు తాను బదులు చెప్పరాదు. లోపమునుబట్టి గాక పేరుపెట్టి పిలువవలెనని తోటివారికి తెలుపవలెను.

తల్లిదండ్రులకు మేము మనవి చేయున దొకటి కలదు. పత్తితీత కాలమున పెద్దలు చేలకు పోవుదురు. ఇంటివద్ద కాపలా అక్కపై పడును. ఆమెయు పసిబిడ్డయే. ఆమెను బడి మాన్పించుట ఇద్దరికిని అన్యాయము. ఆమె చదువునకు, ఆటకు వేరుగా వేళ విడువుడు. సాకు భారము పెద్దలది. తమ్ముని చేయిపట్టి ఆటలోనికి తెచ్చుట మాత్రమే ఆమె వంతు.